చెరువు కట్టిన సీమ

తెలుగుదేశపు పటమును చేతబట్టి చూచువానికి మొట్టమొదట కంటబడునవి రెండు నీలిగీతలు. పడమటి కొండలలో పుట్టి, తెలంగాణమునకు ఉత్తరమున గోదావరియు దక్షిణమున కృష్ణయు ఒరసికొని పారి, తూర్పు కనుమలను చీల్చుకొని సముద్రమున కలియుచున్నవి. వాని నడుమ నున్న సీమ యంతయు ఆ నీటితోనే పండి, ఆ నీటితోనే బ్రతికియుండునని పటము చూచినవారు తలంతురు. కాని పీఠభూమిపై ఆ మహానదులు ఇరువైపుల మెట్టనేలకన్న ఎంతయో దిగువన, లోతైన గర్భములలో పారుచుండును. ఆ నీటిని ఎత్తునేలకు మరల్చు సాధనము పూర్వులకు లేకుండెను. 1852లో ధవళేశ్వరమునందును, 1855లో బెజవాడయందును ఆనకట్టలు లేచినపుడు సైతము ఆ జలము దిగువకు, సముద్రతీరపు ఒండ్రునేలలకే పోయెను. ఓరుగంటి మెట్టలకును, నల్లగొండ బోళ్లకును, అనంతపురపు ఎఱ్ఱనేలలకును తమ ఎదుట పారు నది కంటికి విందేగాని పంటకు ఆధారము కాలేదు. అట్టిచోట నగరములు వెలసినవి, దేవాలయములు లేచినవి, వరి పండినది. ఈ వైపరీత్యమునకు కారణమరయుటయే మానవ భూగోళశాస్త్రపు పని. ప్రకృతి ఈ నేలకేమి యిచ్చినదను ప్రశ్నతో ఆ శాస్త్రము తృప్తిపడదు. ఇచ్చినదానిని మనుష్యులు ఎట్లు మార్చుకొనిరి, మార్చుకొనుచు తామెట్లు మారిరి అని అడుగును. మన పీఠభూమి విషయమున ఆ ప్రశ్నకు సమాధానమంతయు చెరువునందే కలదు.

తెలంగాణమున అధికభాగమును, రాయలసీమలో అనంతపురము, చిత్తూరు ప్రాంతములును ప్రాచీనమైన నల్లసేనపు రాతి పునాదిపై నిలిచియున్నవి. ఆ రాయి నీటిని తనలోనికి సులభముగ ఇంకనీయదు. పైనున్న ఎఱ్ఱమన్ను పలుచన. వాన కురిసిన గడియకే నీరు ఒఱ్ఱెలలోనికి, ఒఱ్ఱెలనుండి వాగులలోనికి పరుగెత్తును. సంవత్సరపు వర్షములో చాల భాగము నైరుతి ఋతుపవనము వీచు నాలుగు నెలలలోనే, అందును కొలది దినముల జడివానలుగ కురియును. ఆ దినములలో పట్టియుంచని నీరు మరల దొరకదు. ఐనను ఈ నేలకొక అనుకూలత కలదు: అది సమతలము కాదు, అలలు తేలినట్లు మిట్టపల్లములతో నుండును, అందందు గుట్టలు జంటలుగ నిలిచి, వాని నడుమ వాగు దూఱిపోవు సందులుండును. ఆ సందును మట్టితోను రాతితోను మూసినచో వెనుక పల్లమంతయు జలాశయమగును. క్రింది వాలు అంతయు తరిపొలమగును. నల్లరేగడి నేలలలో, ఆదిలాబాదు పడమటి భాగమునను కర్నూలు మైదానములందును, చెరువులు అరుదు. అచ్చటి మన్ను తనలో తానే తేమను దాచుకొని జొన్నకును ప్రత్తికిని శనగకును పెట్టును గావున చెరువుతో దానికి అంత పని లేదు. రాతి పటమును, చెరువుల పటమును, వరితినువారి పటమును ఒకదానిపై నొకటి పఱచి చూచినచో అంచులు చాలవఱకు కలియును.

ఇట్లని ఈ కథనంతయు రాతికే అప్పగింపరాదు. ఇట్టి రాయి, ఇట్టి వాన కలిగియు చెరువులు లేని దేశములు లోకమున గలవు. సందును చూచి అచ్చట కట్ట వేయవచ్చునని తలచినవాడును, తలచిన దానిని వేయి చేతులతో చేయించినవాడును, చేసినదానిని తరతరములు కాపాడినవారును ఉన్నచోటనే చెరువు నిలుచును.

కాకతీయుల చరిత్ర చదువువారు యుద్ధములపై దృష్టి నిలిపి, ఆ రాజులు చెరువులు త్రవ్వించుటను పుణ్యకార్యముగ ఒక్క వాక్యమున తేల్చివేయుదురు. నా అభిప్రాయమున ఆ రాజ్యపు విస్తరణకు ఖడ్గమెంత కారణమో చెరువుకట్టయు నంతే కారణము. పదునొకండవ శతాబ్దమున మొదటి ప్రోలరాజు కేసరి తటాకమును కట్టించెను. పిమ్మట ఆ వంశమువారును, వారి సామంతులును, మంత్రులును, సేనానులును ఒకరిని మించి ఒకరు ఈ పనికి పూనిరి. 1213లో పాలంపేట యందు రుద్రేశ్వరాలయమును ప్రతిష్ఠించిన రేచర్ల రుద్రుడే దాని దాపున రామప్ప చెరువును నిలిపెను. ఆ ఆలయశిల్పమును చూడవచ్చు యాత్రికులలో అనేకులు, ఆ గుడి ఆ అడవిలో నెందుకు వెలసెనని ప్రశ్నింపకయే మరలిపోవుదురు. చెరువు నీరు క్రొత్తగ తెఱచిన పొలములును, ఆ పొలములకై వచ్చిన జనమును లేకున్న అచ్చట దేవునికి దీపము పెట్టువాడు సైతముండడు. పాకాల చెరువును గణపతిదేవుని కాలమున జగదాళ ముమ్మడి కట్టించెను. బయ్యారము చెరువును కట్టించినది గణపతిదేవుని సోదరి మైలాంబ. ఆ చెరువు కడ నామె వేయించిన శాసనమే కాకతీయ వంశవృక్షమును మనకు తెలిపిన ముఖ్యాధారములలో నొకటి. ఒక రాజకుటుంబపు స్త్రీ తన వంశచరిత్రను చెక్కించుటకు కోటగోడను గాక చెరువుగట్టును ఎన్నుకొనుట ఆ కాలమువారి గౌరవభావము ఎందున్నదో చెప్పుచున్నది.

ఈ పేరులను పటముపై గుర్తించినచో ఒక విశేషము కనబడును. పాకాల, రామప్ప, బయ్యారము, వానితోడి లక్నవరపు చెరువు, ఇవన్నియు ఓరుగంటికి తూర్పున గోదావరివైపు వ్యాపించిన అడవి అంచున నున్నవి. అనగా కట్ట వేయుట అడవిని ఊరుగ మార్చుటకు మొదటి మెట్టు. దక్షిణమున శ్రీశైల ప్రాంతపు గ్రామములనుగూర్చి సర్వేయరు మెకంజీ దొర సేకరింపజేసిన కైఫీయతులలో, అనగా గ్రామవృత్తాంతములలో, పెక్కింట, ప్రతాపరుద్రుని కాలమున అడవి నఱికించి ఊళ్లు కట్టించిరను మాట మరలమరల వచ్చుచుండును. వలస, అడవి నఱకుడు, కట్ట, గుడి, గ్రామము: ఈ వరుసలోనే పీఠభూమి జనావాసమైనది. మన పెద్దలు సప్తసంతానములలో తటాకమును పుత్రుని సరసన చేర్చిరి. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున, దేశము చిన్నదైనను చెరువులు, కాలువలు త్రవ్వించి పేదరైతునకు పన్ను తేలిక చేసిన రాజునకు ధర్మమును అర్థమును రెండును వృద్ధియగునని చెప్పెను. పుణ్యమును ఆదాయమును ఒకే కట్టపై నడచినవని యెఱిగిన రాజు పలుకు అది.

చెరువును కట్టువారు తమ శాస్త్రమును మాటలలో పెట్టిన సందర్భములు తక్కువ. కావుననే కడపజిల్లా పోరుమామిళ్ల శాసనమును నేను మిక్కిలి ప్రేమతో చదువుదును. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజ్యమును ఏలుచు, 1369లో ఆ చెరువును కట్టించి, సంస్కృత శ్లోకములలో దాని వృత్తాంతమును చెక్కించెను. దినమునకు వేయిమంది కూలీలు కట్టపై పనిచేసిరి. రాళ్లు మోయుటకు నూరు బండ్లు తిరిగెను. రెండేండ్లకు పని ముగిసెను. వ్యయమైన ధనధాన్యములకు లెక్క లేదు. కట్ట పొడవు అయిదువేల రేఖాదండములు, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఏడు. ఇంతవఱకు ఏ దాత యైనను చెప్పుకొనదగినదే. కాని ఆ కవి అచ్చట నిలువక, మంచి చెరువునకు పండ్రెండు అంగములను, చెడు చెరువునకు ఆఱు దోషములను లెక్కించెను.

ఆ పండ్రెండింటిలో మొదటిది ధర్మపరుడును ధనవంతుడును కీర్తికాముడును అగు రాజు. రెండవది జలశాస్త్రమెఱిగిన బ్రాహ్మణుడు. తరువాత గట్టి మన్నుగల నేల, మూడు యోజనముల దూరమునుండి తీయని నీరు తెచ్చు నది, ఆ నదికి ఆనుకొనిన కొండ, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవుగాని దృఢమైన రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, నిడుపైన సూటి రాళ్లు దొరకు గని, చుట్టును సమతలమై ఫలవంతమైన పొలములు, నీటి సుడులు బలముగ తిరుగు తూములు, పనివాండ్ర సమూహము మున్నగునవి వచ్చుచున్నవి. ఈ వరుసలో రాజును రాయియు, పండితుడును కూలియు, నదియు పొలమును ఒకే పంక్తిని కూర్చున్నారు. ప్రకృతి వేఱు, సమాజము వేఱు అని విడదీయు అలవాటు ఆ కవికి లేదు. మనుష్యుని, భూమిని కలిపి చదువవలయునను తలంపునకు మన గడ్డపై ఇంతకన్న స్పష్టమైన ప్రాచీన సాక్ష్యము నేనెఱుగను.

దోషముల పట్టిక మఱియు ఆశ్చర్యకరము. కట్టనుండి నీరు ఊరుట, చవుటినేల, చెరువునడుమ తాబేటివీపువలె నేల ఎత్తుగ నుండుట, నీరు స్వల్పమై సాగునేల విస్తారమగుట, నేల స్వల్పమై నీరు అధికమగుట అను అయిదును ఏ మేస్త్రియైనను ఒప్పుకొనునవే. మూడవదిగ చెప్పిన దోషము మాత్రము వేఱుజాతిది: చెరువు రెండు రాజ్యముల ఎల్లపై నుండరాదట. రాయియు మన్నును నీరును అన్నియు అనుకూలించినను, కట్ట ఒక రాజు నేలపైనను పొలము ఇంకొక రాజు నేలపైనను ఉన్నచో ఆ చెరువు దుష్టమే యని శాసనకర్త తీర్పు. నీటికి వాలు తెలియునుగాని సరిహద్దు తెలియదు. మనుష్యులకు సరిహద్దు తెలియును. ఈ రెండును ఒకచోట ఢీకొన్నపుడు ఏమగునో 1369 నాటికే మనవారికి అనుభవములో నుండెను. నేటి నదీజలవివాదములను విచారించు న్యాయాధికరణముల తీర్పులు వేల పుటలు నిండియున్నవి; అవి చెప్పగోరునదానిని ఈ కవి ఒక పాదములో చెప్పెను.

ఇక చెరువు ఒంటరిది కాదు. ఒక వాగుపై మీదినుండి క్రిందికి వరుసగ పది, ఇరువది చెరువులు గొలుసుకట్టుగ నుండును. పైచెరువు నిండి పొరలిన నీరు క్రిందిచెరువులోనికి దిగును. ఆ పొరలు చోటును తెలంగాణమున మత్తడి యందురు, అనంతపురమున మరవ యందురు, నెల్లూరు వైపున కలుజు అందురు, ఇతరత్ర అలుగు అందురు. ‘మత్తడి దుంకినది’ అను వార్త ఊరికి పండుగ. అది క్రింది ఊరికి అంతకన్న పెద్దపండుగ. మత్తడిని జానెడు ఎత్తు పెంచినచో పైయూరికి నీరు హెచ్చును, శిఖములోని, అనగా చెరువు గర్భపు అంచులలోని, పొలములు మునుగును, క్రిందియూరు ఎండును. కావున మత్తడి ఎత్తు ఊళ్ల నడుమ ఒడంబడిక వంటిది. పాలకులు గీచిన పరగణాలును తాలూకాలును మారుచు వచ్చినవి. గొలుసులోని ఊళ్ల సంబంధము మాత్రము మారలేదు. సీమ యనగా ఏమో నిజముగ తెలియవలెనన్న కచేరి దస్త్రములు విడిచి ఒక వాగు వెంట నడచి చూడవలెను.

గొలుసులో ఒక కడియము తెగినచో ఏమగునో హైదరాబాదు నగరము 1908 సెప్టెంబరు 28న ఎఱిగెను. ఆనాటి మూసీ వఱదకు వాన మాత్రమే కారణమని జనులు తలచిరి. మరుసటి ఏట విచారణకై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రదేశమును పరిశీలించి, అందు 788 చెరువులున్నవనియు, అనగా సుమారు చదరపుమైలునకు ఒక్కటి చొప్పుననియు, వానిలో 221 తెగినవనియు తేల్చిరి. పైది తెగి క్రిందిదానిపై పడగా అది తెగి, ఆ రెంటి నీరు మూడవదానిపై పడి, చివరకు వందల చెరువుల నీరు ఒక్కసారి నగరముపై విఱుచుకొనిపడినది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఆ విచారణకు ఫలములు. హైదరాబాదు నిజమునకు చెరువుల నడుమనే పుట్టిన నగరము: హుస్సేన్‌సాగరును 1562లో కట్టిరి, చార్మినారు లేచినది 1591లో, నగరముకన్న చెరువు దాదాపు ముప్పదియేండ్లు పెద్దది. పిమ్మట దాని ఆవలి వైపున సికింద్రాబాదు వెలయగా, నీటిని ఆపుటకు వేసిన కట్ట జంటనగరములను కలుపు రాజమార్గమైనది.

గ్రామమున చెరువు మనుష్యులకు వారి వారి తావులను నిర్ణయించినది. కట్టకు ప్రక్కగ, వఱద తాకని మిట్టపై ఊరు. కట్ట క్రింద తరి. తరికి ఆవల మెట్ట. ఎగువన శిఖము, అందు తుమ్మచెట్లు, మేతకు వచ్చు పశువులు. కుమ్మరి మన్ను చెరువుదే. చాకలి రేవు చెరువుదే. ముదిరాజులును గంగపుత్రులును వల వేయునది చెరువులోనే. వేసవిలో నీరు తగ్గినపుడు అడుగున చేరిన ఒండ్రును బండ్లకెత్తి రైతులు చేలకు తోలుకొనిపోయెడివారు. దానితో చేను బలిసెడిది, చెరువు లోతును నిలిచెడిది. బతుకమ్మను సాగనంపుటకు ఆ నీరే కావలెను. కట్టపై కట్టమైసమ్మ నిలిచి కావలి కాయుచుండును. తూమును తెఱచి మూయు పని నీరటివానిది. ఏ మడికి ఎన్ని గడియలు నీరు పారవలెనో ఆ లెక్క అతని నోటనుండును.

ఈ చిత్రమును అతిమధురముగ చూపుట న్యాయము కాదు. తూముదగ్గఱ మడి, ఎన్నడును ఎండని మడి, ఎవరిదో విచారించినచో గ్రామమున బలవంతుడెవ్వడో తెలియును. ఆయకట్టు చివర నేల ఎవరిదో విచారించినచో బలహీనుడెవ్వడో తెలియును. నీటిని పంచు నీరటివానికి సొంత మడి లేకుండుట అరుదు కాదు. కట్టలు వేసిన ఒడ్డెరల పేరు శాసనములందు కానవచ్చుట అరుదు. పోరుమామిళ్లలో పనిచేసిన ఆ వేయిమందికి శ్లోకములో సంఖ్య దక్కినది, పేరు దక్కలేదు. బుక్కరాయసముద్రము చెరువు తెగనున్నపుడు గండికి తన ప్రాణమిచ్చిన బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ కథను జనులు మఱువలేదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానిని ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగ చేసిరి. ఇట్టి కథలు అనేక చెరువుల చుట్టును కలవు. ఊరిని నిలుపుటకు చెల్లించిన మూల్యము ఇంటి కోడలిమీద పడెనని ఆ కథలు దాచక చెప్పుచున్నవి.

కట్టుట ఒకనాటి పని, కాచుట నిత్యము. దానికై పూర్వులు దశబంధ మాన్యమను ఏర్పాటు చేసిరి. చెరువు కట్టినవానికి, లేదా మరమ్మతు చూచువానికి, దాని క్రింద పండు భూమిలో కొంతభాగము పన్ను లేకుండ, లేదా తేలిక పన్నుతో చెందును. అతడు ఏటేట గండ్లు పూడ్చి, పూడిక తీయించి, తూములు చక్కబెట్టవలెను. చెరువు నిండినంతకాలమే అతని మాన్యము పండును గనుక తనిఖీదారు అక్కఱలేదు. కంపెనీవారి రెవెన్యూ అధికారులకు ఈ మాన్యము పన్నునెగవేతగ కనబడెను. అనేకచోట్ల దానిని తీసివేసిరి, లేదా మరమ్మతు బాధ్యతనుండి విడదీసి ఉత్త భూమిగ లెక్కించిరి. పన్ను ప్రభుత్వమునకు చేరెను. కట్ట ఎవ్వరికిని చేరలేదు. రైతులు పూర్వమువలె కూడి పని చేయుటలేదని విసిగి, 1858లో మదరాసు ప్రభుత్వము కట్టపనికి నిర్బంధశ్రమను విధించు చట్టమును తెచ్చెను. ఫలములో పాలు తీసివేసి, పనిలో పాలు మాత్రము దండనతో రాబట్టవచ్చునని తలచుట ఎంతటి అవివేకమో తరువాతి కాలపు పూడిన చెరువులే చాటినవి. ఈ ఒక్క విషయమున నేను ఆ ప్రభుత్వమును క్షమింపజాలను; యుద్ధము వలన తెగిన కట్టలు మరల లేచినవి, దస్త్రము వలన తెగిన ఈ బంధము మరల అతుకలేదు.

ఇటీవలి కాలమున బావి, ఆ తరువాత బోరుబావి వచ్చి, నీరు ఊరి ఉమ్మడిసొత్తుగ నుండుట మాని ఎవని చేనిలో వానిదైనది. బోరు గలవానికి మత్తడి ఎత్తుతో పని లేదు, నీరటివానితో పని లేదు. కాని ఆ బోరులో ఊరు నీరు సైతము పై చెరువునుండి ఇంకినదే యగుట అనుభవముమీద తెలిసివచ్చెను: చెరువు ఎండిన ఏట దాని క్రింది బోర్లును ఎండును. 2015లో తెలంగాణ ప్రభుత్వము కాకతీయుల పేరుతోనే చెరువుల పూడిక తీయు పని చేపట్టినపుడు, ఒండ్రు చేలకు తోలుకొనుటకు రైతులు తామే ట్రాక్టర్లు తెచ్చుకొనిరి. మానిన అలవాటు అంత సులభముగ మరల వచ్చుట సంతోషకరము. నగరమున మాత్రము వేఱుకథ. శిఖములు పట్టాలైనవి, వఱదకాలువలపై వీథులు లేచినవి, గొలుసులోని చెరువులు పటములలో మాత్రమే మిగిలినవి. 2020 అక్టోబరున హైదరాబాదునందు కుండపోత వాన కురిసినపుడు పాతబస్తీ దక్షిణపు కాలనీలలో చెరువుకట్టలు తెగి, నీరు ఇండ్లలోనికి దిగినది. అచ్చటివారిలో చాలమంది నగరమునకు క్రొత్తగ వలసవచ్చి, తక్కువ ధరకు దొరకిన స్థలమున ఇల్లు కట్టుకొన్నవారు. తమ ఇంటిక్రింద ఒక వాగు ఉండెనని వారికి ఎవ్వరును చెప్పలేదు, అమ్మినవారు చెప్పరు, పట్టా వ్రాసినవారు చెప్పలేదు.